పొడవు జుట్టు కుక్కల సంరక్షణ: బొచ్చు అట్టకట్టకుండా ఏం చేయాలి?



పెంపుడు జంతువుల మీద మనం చెప్పుకుంటున్న పాఠాల్లో ఈరోజు పొడవు జుట్టు ఉన్న కుక్కల సంగతి తీసుకుందాం. మన ఇళ్లలో వీటిని బొచ్చుకుక్కలు అంటాం. లాసా ఆప్సో, షీట్జూ, కాకర్ స్పానియల్, గోల్డెన్ రిట్రీవర్ ఈ కోవలోవే. తెల్లగా, గుబురుగా ఉండే స్పిట్జ్ కూడా ఇందులోదే. దాన్ని మనవాళ్లు చాలామంది పమేరియన్ అని పిలుస్తారు. 1994లో వచ్చిన 'హమ్ ఆప్‌కే హైఁ కౌన్' సినిమాలోని టఫీ మీ అమ్మానాన్నలకు గుర్తుండే ఉంటుంది. అది స్పిట్జే.

ముందుగా ఒక కుక్క సంగతి చెబుతాను. పాఠమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

పుదుచ్చేరి పట్నానికి దక్షిణంగా, అరియాంకుప్పం దాటాక, సముద్రం ఒడ్డున వీరాంపట్టినం అనే మత్స్యకారుల ఊరు ఉంది. ఒకప్పుడు రోమనులతో వ్యాపారం సాగిన అరికమేడు దాని పక్కనే. చరిత్ర చదివేవాళ్లకు ఆ పేరు కొత్త కాదు. మన గోదావరి ఒడ్డున ఉన్న యానాం కూడా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే కదా. అందువల్ల ఉద్యోగాల బదిలీల మీద అక్కడికి వెళ్లిన తెలుగు కుటుంబాలు కనిపిస్తుంటాయి. అలాంటి ఒక కుటుంబం వీరాంపట్టినంలో అద్దెకుండేది. వాళ్లింట్లో రెండేళ్ల లాసా ఆప్సో, పేరు బంటీ. 2024 డిసెంబరులో నేను పని మీద పుదుచ్చేరిలో ఉన్నప్పుడు, తొమ్మిదో తరగతి చదివే ఆ ఇంటి అమ్మాయి దాన్ని తువ్వాలులో చుట్టి నా దగ్గరికి తెచ్చింది.

"ఏమైందమ్మా?" అన్నాను.

"కుంటుతోందండి డాక్టరు గారూ. ముట్టుకుంటే మీదికొస్తోంది. మొన్న నాన్నగారి చెయ్యి కొరికిందండి. ఇంక ఇంట్లో వద్దు, ఎక్కడైనా వదిలేసొస్తానంటున్నారు" అంది. ఏడుపు ఆపుకుంటూ చెప్పింది.

నాన్నగారికి టీకా వేయించారా అని ముందు అడిగాను. వేయించారు. మీరూ గుర్తుపెట్టుకోండి: కరిచింది సొంత కుక్కే అయినా గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ తరువాతే మిగతా సంగతులు.

బంటీని బల్ల మీద నిలబెట్టాను. చూడటానికి జుట్టు బాగానే ఉంది. "రోజూ దువ్వుతానండి" అంది అమ్మాయి. అబద్ధం కాదు. పైపైన జుట్టు నున్నగానే ఉంది. నా దగ్గరున్న ఇనుప దువ్వెనను చర్మం దాకా దించబోయాను. అరంగుళం దిగి ఆగిపోయింది. మరోచోట పెట్టాను, అక్కడా అంతే. చేతి వేళ్లు లోపలికి పోనిచ్చి తడిమితే, జుట్టు కింద అరచేయంత అట్టలు. ముందుకాళ్ల చంకల్లో అట్టకట్టిన బొచ్చు కాలినీ రొమ్మునూ కలిపి కుట్టినట్టు పట్టేసింది. కుక్క అడుగు వేసినప్పుడల్లా చంకలో చర్మం లాగుతోంది. ఎముకకు ఏమీ కాలేదు, కీలుకు ఏమీ కాలేదు. దాని కుంటుకు కారణం ఆ అట్టే. ఎత్తుకోబోయి నాన్నగారు చంకల కింద చేతులు పెట్టారు. ఆ నొప్పికే అది కొరికింది.

రోజూ దువ్వుతున్న కుక్కకు ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే వెంట్రుక సంగతి కాస్త తెలియాలి.

మన తలలోని వెంట్రుకలాగే కుక్క వెంట్రుక కూడా కెరాటిన్ అనే ప్రోటీనుతో తయారవుతుంది. దాని పైపొర మీద ఇంటిపైకప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరచుకున్న సన్నని పొలుసులుంటాయి. ఆ పొలుసుల అంచులన్నీ వెంట్రుక కొస వైపు చూస్తుంటాయి. ఇది మీరే పరీక్షించుకోవచ్చు. పొడవాటి వెంట్రుక ఒకటి తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, వెంట్రుక పొడవునా వేళ్లను ముందుకూ వెనక్కూ మెల్లగా రుద్దండి. మీరు రెండువైపులా సమానంగానే రుద్దుతున్నా వెంట్రుక మాత్రం ఒకే వైపు, కుదురు ముందుగా, జరిగిపోతుంది. పొలుసులు ఒక దిశలో జారనిస్తాయి, రెండో దిశలో పట్టుకుంటాయి. ఈ పాఠం అయ్యాక తప్పకుండా చేసి చూడండి.

ఇప్పుడు ఇలాంటి వెంట్రుకలు వేలకొద్దీ దగ్గరదగ్గరగా ఉండి, ఒకదానితో ఒకటి రాసుకుంటున్నాయనుకోండి. ప్రతి వెంట్రుకా తన కుదురు వైపే జరగాలని చూస్తుంది. పక్కదానిలో దూరుతుంది, మెలిపడుతుంది, ఇక వెనక్కి రాదు. దీనికి తడి తోడైతే వెంట్రుక ఉబ్బి పొలుసులు పైకి లేస్తాయి, పట్టు మరింత బిగుస్తుంది. కశ్మీరులో నమ్దాలు చేసేది ఈ సూత్రం మీదే. మగ్గం అక్కర్లేదు, నేత అక్కర్లేదు. ఉన్నిని పొరలుగా పరిచి, సబ్బునీళ్లు చల్లి, చుట్టచుట్టి దొర్లిస్తే దళసరి దుప్పటి తయారవుతుంది. కశ్మీరీ పనివాడు ఎంతో నేర్పుతో చేసే ఆ పనిని, చిక్కు తీయకుండా కుక్కకు స్నానం చేయించి తువ్వాలుతో గట్టిగా రుద్దినప్పుడల్లా మనం దాని వీపు మీద చేస్తున్నామన్నమాట.

మరొక సంగతి ఉంది. మన తలలో సాధారణంగా ఒక్కో రంధ్రం నుంచి ఒకటి రెండు వెంట్రుకలు వస్తాయి. కుక్కకు ఒకే రంధ్రం నుంచి ఒక గట్టి వెంట్రుకా, దాని చుట్టూ మెత్తటి సన్నని వెంట్రుకలు అనేకం వస్తాయి. ఈ మెత్తటిదాన్ని లోపలి నూగు అందాం. వెంట్రుకలు కొంతకాలం పెరిగి, ఆగి, రాలిపోతాయి. పొట్టి జుట్టు కుక్కల్లో రాలినది నేల మీద పడుతుంది. ఇల్లు ఊడ్చేవాళ్లను అడగండి, చెబుతారు. పొడవు జుట్టు కుక్కల్లో రాలిన నూగు నేల మీదికి రాదు, పైజుట్టు మధ్యనే చిక్కుకుపోతుంది. అట్ట మొదలయ్యేది ఈ చచ్చిన నూగుతోనే. అంటే అట్ట పైనుంచి కిందికి పెరగదు, చర్మం దగ్గర పుట్టి పైకి వస్తుంది. పైన నున్నగా కనిపించే బొచ్చు కింద అట్ట ఉందంటే ఆశ్చర్యపడనక్కర్లేదు. ఆ అమ్మాయి దువ్విన మాట నిజమే. దువ్వెన చర్మం దాకా చేరలేదు, అంతే.

ఇక వీరాంపట్టినం వంటి ఊరు. గాలిలో ఎప్పుడూ తేమ. సముద్రపు గాలికి ఎగిరొచ్చే సన్న ఇసుక. ఈ కుటుంబం ప్రతి ఆదివారం బంటీని ఒడ్డుకు తీసుకెళ్లేది. అది ఉప్పునీళ్లలో తడిసి, ఇసుకలో దొర్లి వచ్చేది. ఇంటికి రాగానే రెండు బకెట్ల నీళ్లు పోసి, తువ్వాలుతో తుడిచి వదిలేసేవారు. ఎండ ఉన్నన్నాళ్లు ఎలాగో గడిచింది. అక్కడ పెద్ద వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటింది. ఆ వానల్లో మనుషుల బట్టలే ఆరలేదు, కుక్క బొచ్చు ఎక్కడ ఆరుతుంది? దాన్ని ఆరబెట్టాలన్న ధ్యాస ఎవరికి ఉంటుంది? నేను వాళ్లను తప్పుపట్టలేదు.

తడి ఆరని అట్ట కింద చర్మానికి గాలి తగలదు. కుక్క చర్మం పైపొర మన చర్మం కన్నా పలచన. అది నాని, ఎర్రబడి, సూక్ష్మజీవులు చేరి, రసి కారే పుండవుతుంది. ఒక్క రోజులో అరచేయంత వ్యాపించిన పుండ్లు నేను చూశాను. దురదకు కుక్క గీరుకుంటుంది, నాకుతుంది, తడి ఇంకా పెరుగుతుంది. ఆ వాసనకు ఈగలు వచ్చి గుడ్లు పెడితే ఒక రోజులోనే పురుగులు పడతాయి. పైన దట్టంగా బొచ్చు ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లకు కనిపించదు. పిడుదులకు కూడా అట్ట కింద మంచి చోటు. ఎర్లీకియా, బబేసియా వంటి జబ్బులను కుక్కలకు అంటించేది ఈ పిడుదులే. వాటి కోసం మెడ వెనుక చర్మం మీద వేసే చుక్కల మందు, అట్ట అడ్డం ఉంటే చర్మానికి చేరనే చేరదు.

ఇప్పుడు చేయవలసిన పని చూద్దాం. నా బల్ల మీద మూడు వస్తువులున్నాయి. ఒకటి, సన్నని వంపు తీగలున్న బ్రష్షు. రెండోది, ఒక సగం పళ్లు దూరంగా, మరో సగం దగ్గరగా ఉండే ఇనుప దువ్వెన. మూడోది నీళ్లు చిమ్మే సీసా. మందుల దుకాణాల్లో, పెంపుడు జంతువుల దుకాణాల్లో ఖరీదైనవి చాలా ఉంటాయి. వాటి మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఈ మూడింటిలో ఒక్కటే కొనగలిగితే దువ్వెన కొనండి. బ్రష్షు మోసం చేస్తుంది, దువ్వెన చేయదు.

కుక్కను పక్కకు పడుకోబెట్టండి. ఒక చేత్తో జుట్టును పైకి ఎత్తి పట్టుకోండి. అమ్మ మీకు పాపిట తీసినట్టు అడ్డంగా ఒక పాపిట తీయండి. చర్మం గీతలా కనబడాలి. కనబడకపోతే మీరు పైపైనే దువ్వుతున్నారన్నమాట. ఆ గీత కింది జుట్టుకు ముందు లేతగా నీళ్లు చిమ్మండి. మరీ ఎండిన జుట్టు దువ్వితే తెగుతుంది. తరువాత బ్రష్షుతో, ఆపైన దువ్వెనతో దువ్వండి. అరంగుళం పైన ఇంకో పాపిట, మళ్లీ అదే పని. ఇలా కాళ్ల నుంచి వీపు దాకా వెళ్లాలి. చర్మం దగ్గర పెట్టిన దువ్వెన కొస దాకా ఎక్కడా ఆగకుండా రావాలి. రోజుకు 10, 15 నిమిషాలు చాలు. ఒకరోజు కుడిపక్క, మర్నాడు ఎడమపక్క చేసినా నష్టం లేదు. కానీ చెవుల వెనుక, చంకలు, గజ్జలు, మెడపట్టీ కింద, తోక మొదలు, వేళ్ల సందులు, గడ్డం మాత్రం ఏ రోజూ వదలకండి. రాపిడి ఎక్కువ ఉన్నచోటే అట్ట పుడుతుంది. రొమ్ముకు కట్టే పట్టీ ఉంటే ఇంట్లోకి రాగానే విప్పేయండి.

చిక్కు కనిపిస్తే ఎలా తీయాలి? పొడవు జడ ఉన్న అమ్మాయిలకు ఇది నేను చెప్పనక్కర్లేదు. కుదురు నుంచి లాగరు కదా, కొస నుంచి కొద్దికొద్దిగా విప్పుకుంటూ పైకి పోతారు. వీరాంపట్టినం ఒడ్డున నీడలో కూర్చుని వల చిక్కు తీసేవాళ్లను చూశాను. ఎక్కడా గుంజరు. వదులుగా ఉన్న కొస వెతికి, వేళ్లతో ఒక్కో పోగూ విడదీస్తారు. కుక్క దగ్గరా అంతే. చిక్కుకూ చర్మానికీ మధ్య జుట్టును మీ వేళ్లతో గట్టిగా పట్టుకుంటే, లాగుడు చర్మానికి తెలియదు. కొంచెం మొక్కజొన్న పిండి చల్లితే వేళ్లు బాగా జారతాయి.

కత్తెర వద్దు. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక కాకర్ స్పానియల్ చెవి వెనుక అట్టను కత్తెరతో తీయబోయాను. అట్టను పట్టి పైకి ఎత్తితే దానితోపాటు పలచటి చర్మం కూడా గుడారంలా పైకి లేస్తుందని అప్పుడు నాకు తెలియదు. నేను జుట్టు అనుకుని కోసినది చర్మం. నాలుగు కుట్లు పడ్డాయి. ఆ కుక్క తరువాత నన్ను చూస్తే బల్ల కిందికి దూరేది.

స్నానం విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. చిక్కులున్నాయి, నీళ్లు పోస్తే మెత్తబడతాయి అనుకుంటారు. నమ్దా గుర్తుతెచ్చుకోండి. తడిస్తే చిక్కు బిగుస్తుంది, ఆరాక రాయిలా అవుతుంది. అందుకని ముందు చిక్కు తీయడం, తరువాతే నీళ్లు. మనుషుల షాంపూ మన చర్మానికి తగ్గట్టు ఆమ్ల గుణంతో ఉంటుంది. కుక్క చర్మం అంత ఆమ్లంగా ఉండదు కాబట్టి కుక్కల షాంపూనే వాడాలి. దాన్ని గుండ్రంగా రుద్దకుండా జుట్టు వాలు వెంట నిమరండి. నురగ ఏమాత్రం మిగలకుండా కడగండి. తువ్వాలుతో అద్దండి, రుద్దకండి. వేడి ఎక్కువ లేని గాలితో, దువ్వుతూ, చర్మం దాకా ఆరబెట్టండి. సముద్రం నుంచి వచ్చిన రోజు మంచినీళ్లతో ఉప్పు పోయేదాకా కడిగి, ఇలాగే ఆరబెట్టాలి. ఆరబెట్టే తీరిక లేని రోజున నీళ్లలోకి దించకపోవడమే మేలు.

ఈ పనులన్నీ కుక్క కూర్చుంటేనే కదా. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. పిల్ల ఇంటికి వచ్చిన వారం నుంచే రోజుకు రెండు నిమిషాలు దువ్వెన చూపించి, తాకించి, ఓ తిండిముక్క ఇస్తూ అలవాటు చేయండి. ఆరు నెలల నుంచి ఏడాది మధ్య పిల్లజుట్టు పోయి పెద్దజుట్టు వస్తుంది. చాలా ఇళ్లలో మొదటిసారి అట్టలు కట్టేది ఆ నెలల్లోనే. అలవాటు అంతకుముందే పడి ఉండాలి.

ఎండాకాలం రాగానే చల్లగా ఉంటుందని గుండు గీయించేవాళ్లు కొందరు. దీనికి ఒకే జవాబు లేదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. అది వగర్చి వేడిని వదులుకుంటుంది. స్పిట్జ్ వంటి వాటికి జుట్టు కొంత పొడవు దాకానే పెరిగి ఆగుతుంది. వాటిని చర్మం దాకా గీస్తే జుట్టు మళ్లీ సరిగా రాకపోవచ్చు, చర్మానికి నేరుగా ఎండ తగులుతుంది. వాటికి చచ్చిన నూగును దువ్వి తీసేస్తే చాలు, గాలి ఆడుతుంది. లాసా, షీట్జూల జుట్టు మన తలజుట్టులా పెరుగుతూనే ఉంటుంది. తీరప్రాంతంలో వీటికి ఒక అంగుళం మిగిల్చి కురచగా కత్తిరించి ఉంచడమే నా దృష్టిలో సరైన పని. నేలకు తాకే జుట్టు ప్రదర్శనలకు బాగుంటుంది. వీరాంపట్టినం ఇసుకలో దానితో ఏం పని?

హంగేరీలో కొమొండోర్, పూలి అనే కుక్కలుంటాయి. వాటి జుట్టు జడలు కట్టే ఉంటుంది మరి అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఆ జడలు వాటంతటవి అలా వదిలేసినవి కావు. చర్మం దగ్గర ఒకదానికొకటి అతుక్కోకుండా పెంచేవాళ్లు చేతులతో విడదీస్తుంటారు. అక్కడ కూడా చర్మానికి గాలి ఆడుతుందా లేదా అన్నదే చూస్తారు.

లాసా పుట్టిల్లు టిబెట్టు. చలి, పొడి గాలి ఉండే ఎత్తయిన చోటు. మన కొల్లేరు పరిసరాల్లో, కోస్తాలో ఉండే జోనంగి కుక్కను చూడండి. ఒంటికి అతుక్కున్నట్టు ఉండే అతిపొట్టి జుట్టు. తమిళనాడు రాజపాళయం కుక్కదీ పొట్టి జుట్టే. కుక్కను తెచ్చుకోవాలని మీ ఇంట్లో మాట వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పండి. బొచ్చుకుక్కే కావాలంటే, రోజూ ఆ 15 నిమిషాలు ఎవరివో ముందే తేల్చుకోండి. "అందరం చూసుకుంటాం" అన్న ఇళ్లలో ఎవరూ చూడరు. ఇది నేను చాలా ఇళ్లలో చూసిందే.

బంటీ సంగతికి వద్దాం. దాని అట్టలను దువ్వి తీసే ప్రయత్నం నేను చేయలేదు. చర్మానికి అంటుకుపోయిన అట్టలను గంటల తరబడి లాగడం హింస. కొద్దిగా మత్తు ఇచ్చి, విద్యుత్ కత్తెర యంత్రంతో అట్టలకూ చర్మానికీ మధ్య నుంచి మెల్లగా గీసుకుంటూ వచ్చాను. యంత్రం పళ్లు వేడెక్కి చర్మాన్ని కాల్చకుండా మధ్యమధ్య చేతికి తాకించి చూసుకోవాలి. మత్తు ఇచ్చే పని పశువైద్యులది మాత్రమే. ఇంట్లో ఎవరూ ప్రయత్నించకూడదు. గంటన్నర పట్టింది. బొచ్చు ముక్కలుగా రాలేదు, చాపలా ఒక్కటిగా వచ్చింది. దాన్ని ఆ అమ్మాయి చేతికిచ్చి వంచి చూడమన్నాను. వంగలేదు. చంకల్లో చర్మం పచ్చిగా ఉంది, ఎడమ చెవి వెనుక వేలంత పుండు. అట్ట తీశాక చెవులను విదిలించి కొట్టుకుంటే లోపల నెత్తురు గూడు కట్టే ప్రమాదం ఉంది. అందుకని రెండు రోజులు తలకు మెత్తటి గుడ్డపట్టీ వదులుగా కట్టి ఉంచమన్నాను. పుండుకు మందులు రాసిచ్చాను.

పది రోజుల తరువాత వాళ్ల నాన్నగారే తీసుకొచ్చారు. కుంటు లేదు. గుండు గీసిన లాసా చూడటానికి కొంచెం విచిత్రంగానే ఉంటుంది, వీధిలో పిల్లలు నవ్వుతున్నారట. ఆయన కుక్కను బల్ల మీదికి ఎత్తారు. ఎత్తినప్పుడు చేతులు చంకల కిందే పెట్టారు. అది ఏమీ అనలేదు. ఆయన ఒక్క క్షణం అలాగే పట్టుకుని నిలబడ్డారు. తరువాత చొక్కా జేబులోంచి కొత్త ఇనుప దువ్వెన తీసి, పళ్లు దగ్గరగా ఉన్న సగం ఎప్పుడు వాడాలో, దూరంగా ఉన్న సగం ఎప్పుడు వాడాలో చూపించమని అడిగారు. ముందు దూరంగా ఉన్నవి, అవి ఆగకుండా వచ్చాక దగ్గరగా ఉన్నవి.

వచ్చే పాఠంలో కుక్కల చెవుల సంరక్షణ గురించి చెప్పుకుందాం. నమస్కారం.